కన్ను కొట్టని ఎడమ దీపం

మొన్న ఎండాకాలంలో మనవరాలితో కలిసి కరీంనగర్ పోతుంటే ఆమె కారు ఎడమ పక్క ఇండికేటరు పని చేయడం మానేసింది. రోడ్డు పక్కన ఒక షెడ్డు కనిపిస్తే ఆపాం. కుర్ర మెకానిక్ వెనుక దీపం ఊడదీసి, వైరు కొన ఒలిచి, ఏదో దేనికో తాకించగానే చిటుక్కున ఒక మెరుపు మెరిసి, కాలిన రబ్బరు వాసన, దాని వెంట బ్యాటరీ పులుపు వాసన, ఆ వెనకే కిరసనాయిలు గుడ్డ వాసన గుప్పున కొట్టాయి. మనవరాలు ముక్కు మూసుకుంది. నేను కుర్చీని ఇంకాస్త దగ్గరికి జరుపుకుని కూర్చున్నాను. ఈ వాసనకు ఎండిన తునికాకు వాసన, ఊదు పొగ, నెయ్యి పోసి పిసికిన మలీద వాసన కలిపితే అది నా చిన్ననాటి లక్సెట్టిపేట అవుతుందని ఆ పిల్లకు ఎట్లా చెప్పను?

మా ఇల్లు మంచిర్యాల పోయే రోడ్డుకు ఆనుకుని ఊరి చివర ఉండేది. వాడకట్టులో ఒకరి వాకిట్లో బర్రె, ఇంకొకరి వాకిట్లో ఎడ్లబండి ఉంటే మా వాకిట్లో వేపచెట్టు కింద లారీ ఉండేది కాబట్టి, నేను బడిలో కాస్త నీలుగుతూనే తిరిగేదాన్ని. అదేమీ కొత్త పెళ్లికూతురు కాదు. యుద్ధమప్పుడు మిలిటరీ వాళ్లు వాడుకుని, ఇక చాలనుకుని వేలం వేసిన ముక్కు లారీ. చలికాలం పొద్దున హ్యాండిల్ వేసి తిప్పితే ముందు దగ్గి, తర్వాత తుమ్మి, వాడకట్టు మొత్తాన్నీ లేపితే గాని స్టార్టయ్యేది కాదు. వెనుక తొట్టి మాత్రం మా నాన్న, మేం బాపు అనేవాళ్లం, ముచ్చటపడి టేకు చెక్కతో కట్టించాడు. ఎడమ తలుపు పక్కన ఎర్ర రంగు పూసిన రేకు చెయ్యి ఒకటి ఉండేది. లోపల తాడు లాగితే అది లేచి నిలబడేది. బండి ఎడమకు తిరుగుతోందని వెనుక వచ్చేవాళ్లకు అదే సైగ. కచ్చకాయలు, అష్టచెమ్మ ఆడి విసుగొచ్చిన మధ్యాహ్నాలు నేను లారీ ఎక్కి కూర్చుని తాడు లాగి, దారిన పోయే వాళ్లందరికీ ఆ రేకు చేత్తో సలాములు కొట్టించేదాన్ని. పెద్ద మనుషులు కొందరు తిరిగి సలాం చేసేవాళ్లు కూడా.

వానలు తగ్గాక మక్కలు, చలిలో వడ్లు, ఎప్పుడన్నా కలప మోసినా, మా ఇంటి పొయ్యి ఏడాది పొడుగునా మండేది ఎండాకాలం మోసిన తునికాకుతోనే. బీడీల ఆకు అది. అడవి పల్లెల జనం తెల్లారకముందే పోయి కోసి, కట్టలు కట్టి, కల్లాల్లో ఎండబెడితే, బాపు ఆ కట్టల్ని లారీకెత్తుకుని మంచిర్యాల గోదాములకు చేర్చేవాడు. వానలు పడేలోపల ఆ పని అయిపోవాలి. బాపు అడవి నుంచి వచ్చిన సాయంత్రం ఆయన కండువాలో మా కోసం ఏదో ఒకటి ఉండేది. ఒకనాడు తునికి పండ్లు, ఒకనాడు నల్లగా నిగనిగలాడే మోరి పండ్లు, ఒకనాడు ఎండిన ఇప్పపువ్వు. ఇప్పపువ్వును అవ్వ, అంటే మా అమ్మ, పెనం మీద వేయించి బెల్లంతో కలిపి పెడితే, నాకు తెలిసిన ఏ మిఠాయీ దాని ముందు నిలబడేది కాదు.

లారీ కొనకముందు బాపు బొగ్గు బాయిలో పని చేసేవాడు. భూమి లోపలికి దిగి బొగ్గు తవ్వే గనిని మా వైపు బాయి అనే అంటారు. ఒకసారి పైకప్పు కూలి దారి మూసుకుపోయింది. బాపుకు దెబ్బ తగలలేదు గాని తల మీది దీపం ఆరిపోయింది. బయట వాళ్లు పెళ్లలు తొలగించి వచ్చేదాకా ఆయన ఆ చీకట్లో ఒక్కడే కూర్చున్నాడు. ఆ ముచ్చట బాపు ఎన్నడూ చెప్పలేదు, అవ్వ చెబితే విన్నాను. పైకి వచ్చినాక మళ్లీ దిగనన్నాడు. ఉన్న చెలక భూమి అమ్మి లారీ కొన్నాడు. అయినా ఆ చీకటి ఆయనలోంచి పూర్తిగా పోలేదు. అన్నం తింటుండగా గాలికి కందిలి ఆరిపోతే బాపు చెయ్యి కంచంలోనే ఆగిపోయేది. అవ్వ పరుగున వచ్చి అగ్గిపుల్ల గీసేదాకా ఆయన ఊపిరి కూడా తీసేవాడు కాదని నాకనిపించేది.

మోటారు బండ్లను తనిఖీ చేసే అధికారిని అప్పుడు అందరూ బ్రేకినిస్పెక్టరు అనేవాళ్లు. ఆయన నెలకోసారి మంచిర్యాల బంగళా దగ్గర మకాం పెడితే, చుట్టుపక్కల లారీలన్నీ అక్కడికి పోయి 'పాసింగు' చేయించుకోవాలి. పాసింగు లేని బండి రోడ్డెక్కకూడదు. ఆ ఏడు మా లారీ పాసింగు నాడు ఆయన చుట్టూ తిరిగి చూసి, రేకు చెయ్యి దగ్గర ఆగి నవ్వాడట. తర్వాత నవ్వు ఆపి, "చీకటి పడ్డాక ఈ చెయ్యి ఎవరికి కనపడుతుంది రాజయ్యా? వెనకాల సైకిలు మీద వచ్చేవాడు చచ్చిపోడూ? రెండు పక్కలా దీపాలు పెట్టించుకుని రా. అప్పుడు పాస్ చేస్తాను" అన్నాడట. బాపు ఇంటికొచ్చి ఆయన్ను ఒక్క మాట అనలేదు. "ఆయన జెప్పింది నిజమే గద" అని మాత్రం అన్నాడు.

బండి వాకిట్లో ఆగిపోయింది. అదే వారంలో బాయి కూలీల సర్దారు కబురు పంపాడు, బొగ్గు నింపే పనిలో ఒక మనిషికి జాగా ఉంది, వచ్చే మకాం నాటికల్లా మాట చెప్పాలని. తునికాకు కోత మొదలైంది. వచ్చే మకాంలో లారీ పాస్ కాకపోతే, ఆ తర్వాతి మకాం వచ్చేసరికి ఆకు అయిపోతుంది. ఆకు పోతే లారీని అమ్ముకోవాలి, బాపు బాయికి పోవాలి. ఈ లెక్క నాకు ఎవరూ చెప్పలేదు. పెద్దవాళ్లు గుసగుసలాడుకునే మాటలు పిల్లలకు వినపడవనుకోవడం పెద్దవాళ్ల వెర్రితనం.

దీపాలు పెట్టింది సత్తార్ చాచా. బ్యాటరీలు, డైనమోలు బాగు చేసే మిస్త్రీ, బాపుకు ప్రాణ స్నేహితుడు. నోట్లో ఎప్పుడూ ఒక పొడుగాటి మేకు పెట్టుకుని దాని పక్కనుంచే మాట్లాడేవాడు. ముందు రెండు, వెనుక రెండు దీపాలు తెచ్చాడు. వెనుక తొట్టి చెక్కది కాబట్టి, మూల మూలకూ కింద చాసిస్ చట్రం దాకా దిగే ఇనుప పట్టీలు ఉండేవి. దీపాన్ని ఆ పట్టీకి ఆనించి, మరలు చెక్కలోకి బిగించాడు. వైరులో వచ్చిన కరెంటు దీపంలోంచి ఇనుములోకి దిగి, చాసిస్ మీదుగా మళ్లీ బ్యాటరీకి చేరాలట. ఆ తిరుగుదారినే ఎర్తు అంటారని చాచా చెప్పాడు. ఎడమ మూల పట్టీకి మాత్రం అప్పటికే ఒక పచ్చ దట్టీ చుట్టి ఉంది.

దట్టీ అంటే పీరీలకు సమర్పించే రంగు గుడ్డ. మా ఊళ్లో పీరీల పండుగ, అంటే మొహర్రం, తురకలది ఎంతో మాదీ అంతే. మొక్కు ఉన్నవాళ్లు పీరుకు దట్టీ కట్టి, దానిలో ఒక పీలిక తెచ్చుకుని పిల్లల చేతులకో, దూడ మెడకో కట్టుకునేవాళ్లు. అంతకు ముందు ఏడు వాగు దాటుతుంటే లారీ ఎడమ వెనుక చక్రం ఇసుకలో దిగిపోయి, బండి పక్కకు ఒరిగి, పడబోయి ఆగింది. బాపును కన్నతల్లి, మా బాపమ్మ, తెల్లారే పీరు దట్టీ తెచ్చి ఆ మూల పట్టీకి తన చేత్తో చుట్టింది. సత్తార్ చాచా దీపం బిగించేటప్పుడు దాన్ని కళ్లకద్దుకుని, ముడతలు సరిచేసి, దాని మీదే దీపాన్ని కూర్చోబెట్టాడు.

"మంచిగనే ఉన్నది. కింద మెత్తగుంటే గతుకుల్ల గాజు పల్గది" అన్నాడు.

బాపమ్మ మాత్రం దీపాల మీదే మొదటి నుంచీ కోపంగా ఉంది. కుడి దీపం మొదటిసారి వెలిగి ఆరి, వెలిగి ఆరుతుంటే బుగ్గ మీద వేలు పెట్టుకుంది. "గిదేం దీపంరా, సంతల పోరగాడు కన్ను గొట్టినట్టు! బండి ముసల్దైనా బుద్ధి రాకపాయె" అంది. అవ్వ కొంగు నోటికడ్డం పెట్టుకుని ఇంట్లోకి పోయింది. అప్పటి నుంచి మా ఇంట్లో వాటికి కన్నుకొట్టే దీపాలనే పేరు స్థిరపడిపోయింది.

కుడివైపు బ్రహ్మాండంగా కన్ను కొట్టింది. ఎడమవైపు మీట నొక్కితే ముందు దీపం వెలిగి, ఆరకుండా అట్లాగే నిలిచిపోయింది. వెనుక దీపం వెలగనే లేదు. చాచా మొదట బల్బును అనుమానించి, కుడి బల్బు ఎడమకు, ఎడమ బల్బు కుడికి మార్చాడు. కుడివైపు ఏ బల్బు పెట్టినా కన్ను కొడుతోంది, ఎడమవైపు ఏది పెట్టినా గుడ్డిదే. తర్వాత టకటకలాడే ఫ్లాషర్ డబ్బీని మార్చాడు. లాభం లేదు. వైరు తెగిందేమోనని తన టెస్టు బల్బు ఒక కొస ఆ వైరుకూ, ఇంకో కొస చాసిస్ బోల్టుకూ పట్టి చూస్తే అది చక్కగా వెలిగింది. అంటే కరెంటు దీపం దాకా వస్తోంది.

అసలు చిత్రం ఆ తర్వాత. మరలు తీసి, దీపాన్ని వైరుతో సహా కిందికి దింపి, చాసిస్ మీద ఆనించి పెడితే టిక్కు టిక్కుమని కన్ను కొట్టింది. మేమంతా ఒక్కసారి కేక వేశాం. తీసుకుపోయి మళ్లీ పైన బిగిస్తే ఆరిపోయింది. దింపితే వెలుగు, ఎక్కిస్తే చీకటి. చాచా ఎర్తేనని తేల్చాడు. గరుకు కాగితంతో దీపం వీపు రుద్దాడు, కింద పట్టీ చాసిస్‌ను కలిసే చోట తుప్పు గీకాడు, బోల్టులు బిగించాడు. ప్రతిసారీ దీపం ఊడదీసినప్పుడు దట్టీని రెండు వేళ్లతో పక్కకు ఒత్తి, బిస్మిల్లా అనుకుని, మళ్లీ జాగ్రత్తగా సర్ది, దాని మీదే దీపం పెట్టాడు. బాపు అయితే దట్టీ వైపు చెయ్యి పోనివ్వను కూడా లేదు. అంత ఇనుమునూ గీకారు గాని, ఆ గుడ్డ కింది ఇనుమును గీకాలని ఇద్దరు భక్తుల్లో ఒక్కరికీ తోచలేదు. వేరే వైరు లాగుదామంటే చాచా దగ్గర తీగ చుట్ట అయిపోయింది, పండుగకు దుకాణాలు మూసేశారు. తెల్లారితే మకాం.

ఆ ఏడు పీరీలు మండుటెండల్లో వచ్చాయి. పీరీల కొట్టం ముందు గుండంలో నిప్పులు, డప్పుల చుట్టూ మసిపూసుకున్న వేషగాళ్లు, జరీ గుడ్డల్లో తళతళలాడుతూ భుజాల మీద ఊగే పీరీలు, కుండల్లో బెల్లం పానకం, ఇంటింటికీ రొట్టె, బెల్లం, నెయ్యి కలిపి పిసికిన మలీద. ఏ ఏడైనా నేను ఆ గుంపులో ముందు వరసలో ఉండేదాన్ని. ఆనాడు డప్పులు వినపడుతున్నా లారీ వెనుక నుంచి కదలలేదు. బాపు వేప వేరు మీద కూర్చుని తల వంచుకున్నాడు. చాచా ఏదో చెప్పబోతే, "ఇగ చాలు సత్తారూ. సర్దారుకు రేపు పొద్దున్నే మాట జెప్పుత. రాసిపెట్టి ఉన్నది ఎవ్వలు తప్పిస్తరు?" అన్నాడు. అవ్వ గడపలో నిలబడి కొంగు వేలికి చుట్టుకుంటూనే ఉంది.

బాపమ్మ ఇంట్లోంచి వచ్చి, చేతులు నడుముకు పెట్టుకుని లారీని ఎగాదిగా చూసింది.

"కుడి కన్ను గొడ్తది, ఎడమది కొడ్తలేదు. ఎడమ దిక్కే దట్టీ ఉండె. మీకు సమజైతలేదార?"

"ఏందవ్వా?" అన్నాడు బాపు.

"పీరుకు కోపమొచ్చింది. బండి వాగుల పడకుంట కాపాడితే మలీద పెడ్తనని మొక్కితి, పెట్టనే లేదు. దట్టీ సుత నల్లగై, నూనె గారి, పొయ్యి మీది మసిగుడ్డ తీర్గున్నది. గట్ల పెడ్తరా దేవున్ని? తియ్యిండ్రి. ఉతికి, మలీద వట్టుకొని నేనే పోత."

చాచా దీపాన్ని మళ్లీ ఊడదీశాడు. బాపమ్మ తప్ప ఇంకొకరు తీయడానికి వీల్లేని దట్టీని బాపమ్మే విప్పింది. అవ్వ ఆదరాబాదరా రెండు రొట్టెలు కాల్చి బెల్లం, నెయ్యి వేసి పిసికి ఇచ్చింది. ఒక చేతిలో మలీద గిన్నె, ఇంకో చేతిలో తడి దట్టీతో బాపమ్మ చెప్పులు కూడా లేకుండా ఆ ఎండలో చరచరా నడిచిపోయింది.

ఆమె మలుపు తిరిగాక చాచా, చేతిలో దీపం ఎంతసేపు పట్టుకోవాలన్నట్టు, ఉత్త పట్టీ మీదే దాన్ని పెట్టి మరలు బిగించాడు. నన్ను మీట నొక్కమన్నాడు. నొక్కాను.

టిక్కు. టిక్కు. టిక్కు.

వెనుక నుంచి చాచా కేక నాకు ఇంకా వినపడుతుంది. నేను మీట వదిలేసి దూకబోతే, "వదలకు బేటీ, వదలకు!" అని అరిచాడు. అవ్వ వచ్చి మీట పట్టుకుంది, నేను వెనక్కు ఉరికాను. ఎడమ దీపం ఎర్రగా వెలుగుతోంది, ఆరుతోంది, వెలుగుతోంది. బాపు దాని ఎదురుగా నేల మీద గొంతుకూర్చుని ఉన్నాడు. దీపం ఆరిన ప్రతిసారీ ఆయన ముఖం బిగుసుకుంటోంది, వెలగగానే వదులవుతోంది. నేను పోయి భుజం మీద చెయ్యి వేశాను. కాసేపటికి ఆ బిగువు కూడా పోయింది.

"ఆరినా మళ్ల వస్తది బిడ్డా" అన్నాడు బాపు. కండువాతో ముఖం తుడుచుకున్నాడు. చెమట కాదు అది.

చాచా అప్పటికే పట్టీని, తన చేతుల్ని మార్చి మార్చి చూసుకుంటున్నాడు. సంగతి ఆయనకు తెలిసిపోయింది. గుడ్డ అడ్డముంటే కరెంటు ఇనుములోకి ఎట్లా దిగుతుంది? రోజంతా తన చేతులతో తనే అడ్డం పెడుతూ వచ్చాడు. భుజంలో ముఖం దాచుకుని నవ్వి, బాపు చెవిలో చెబితే బాపు కూడా నవ్వాడు. ఆ లారీ వాకిట్లో ఆగిపోయాక మా బాపు నవ్వడం అదే మొదలు.

అంతలో బాపమ్మ తిరిగి వచ్చింది. వెలుగుతున్న దీపాన్ని చూసి రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. "చూస్తిరా? మలీద ముట్టింది" అంది. చాచా ముఖం గంభీరంగా పెట్టి, "అవును పెద్దవ్వా, అంత పీరు దయ" అన్నాడు. కాని పాతదాన్ని పీరు దగ్గర వదిలి తెచ్చిన కొత్త దట్టీ ఒకటి బాపమ్మ చంకలో మడతపెట్టి ఉంది. ఆమె నేరుగా ఎడమ మూలకే నడిచింది! చాచా నోట్లో మేకు కింద పడింది. పరుగున అడ్డం పోయి, "వద్దు పెద్దవ్వా! గాడ దుమ్ము, బురద. ఇంత పాక్ సాఫ్ దట్టీని వెనక కడ్తమా? లోపట కడ్తం, రాజన్న కండ్ల ముంగట" అని బతిమాలాడు. బాపమ్మ ఆయన్ను ఒక చూపు చూసి, సరేనని అద్దం పక్కన తనే ముడి వేసింది.

మరునాడు మంచిర్యాల బంగళా దగ్గర బ్రేకినిస్పెక్టరు లారీ వెనుక నిలబడి "కుడి!" అన్నాడు, కొట్టింది. "ఎడమ!" అన్నాడు. నేను బాపు పక్కన కూర్చుని దట్టీ కొసను గుప్పిట్లో పట్టుకుని ఉన్నాను. వెనుక నుంచి ఆయన నింపాదిగా, "బాగుందయ్యా రాజయ్యా. ఇక తోలుకో" అన్నాడు. బాపు స్టీరింగు మీద నుదురు ఆనించి, గట్టిగా ఊపిరి వదిలాడు. తిరిగి వస్తుంటే దూరాన బాయి కూత వినపడింది. ఎప్పుడూ ఆ కూత వింటే బాపు భుజాలు గట్టిపడేవి. ఆ పూట మలుపు లేదు, సందు లేదు, వెనుక బండి కూడా లేదు. బాపు ఎడమ మీట నొక్కి, అట్లాగే కన్ను కొట్టుకుంటూ, బాయి దారి దాటేదాకా తోలాడు.

నాకు పెళ్లయి, పుట్టింటికి వచ్చిన ఒక మధ్యాహ్నం, బాపమ్మ తలలో నూనె రాస్తూ ఆ ముచ్చట ఎత్తాను. చాచా చెప్పిన నిజాన్ని ఆమెకు చెప్పాలా వద్దా అని తటపటాయిస్తుంటే, బాపమ్మే నవ్వింది. "గుడ్డ అడ్డమున్నదని నాకెర్క లేదనుకున్నవా? సత్తారు ఉరికొచ్చి అడ్డం నిలవడ్డప్పుడే సమజైంది. నా మనసు నొవ్వద్దని వాడు జెప్పలే, వాని మనసు నొవ్వద్దని నేనడగలే. అయినా బిడ్డా, మలీదకు పోకుంటే దట్టీ ఎవ్వడు విప్పేటోడు?" అంది.

ఆ లారీ ఎప్పుడో తుక్కు కింద పోయింది. పోయేనాడు బాపు దాంట్లోంచి ఆ దట్టీ ఒక్కటే విప్పుకున్నాడు. రేకు చేతుల్ని చూసినవాళ్లు ఇప్పుడు మా ఊళ్లో నాలాంటి ముసలివాళ్లే. తునికాకు కల్లాలు పలచబడ్డాయి, మోరి పండ్ల పేరు చెబితే మనవరాలు ఫోన్‌లో వెతుకుతుంది. పీరీలు ఇంకా లేస్తాయి గాని, మా వాడ నుంచి మలీద గిన్నె పట్టుకుని ఎండలో నడిచి పోయేవాళ్లు లేరు. సత్తార్ చాచా లేడు, బాపమ్మ లేదు, అవ్వ లేదు. బాపు కూడా లేడు, కాని పండు ముసలివాడై, వాకిట్లో మంచం మీద, మధ్యాహ్నపు ఎండలో పోయాడు. మళ్లీ ఎన్నడూ భూమి లోపలికి దిగలేదు.

షెడ్డు కుర్రాడు బిగించడం అయిపోయి, "అయిపోయిందక్కా, ఎర్తు అంటలే, గంతే" అన్నాడు. మనవరాలు మీట నొక్కింది. "అమ్మమ్మా, జర చూడు, వెనక కొడ్తుందా?" అని అరిచింది. నేను లేచి కారు వెనక్కు పోయి నిలబడ్డాను. దీపం వెలిగింది. ఆరింది. నేను ఊపిరి బిగబట్టాను, అరవై ఏళ్ల కిందటి అలవాటు. మళ్లీ వెలిగింది.

"కొడ్తుంది బిడ్డా," అన్నాను, "ఇగ పోదాం పా."